బి బ్లాకు మొట్టికాయ

రామబ్రహ్మం నెత్తిన మొట్టికాయ పడి చాలా కాలమైంది. ఆయనకు బుద్ధొచ్చి కాదు, ఆ ప్రమాదం ఇంకా జరగలేదు. వేయాల్సిన చెయ్యే మొరాయించింది. భార్య రత్నమాలకు కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడవవు. వేళ్లు ముడవనిదే పిడికిలి పడదు, పిడికిలి పడనిదే మొట్టికాయ పుట్టదు. పెళ్లైన కొత్తలో మొదలైన సంప్రదాయం అది. పాలు పొంగబెడితే ఒకటి, చారులో ఉప్పు లేదంటే ఒకటి. ఇప్పుడు ఆయన నెత్తిమీద జుట్టూ లేదు, పెళ్లాం చెయ్యీ లేదు.

సమాచార శాఖలో పనిచేసి రిటైరై, మియాపూర్‌లోని తమ అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడయ్యాడు రామబ్రహ్మం. ఉద్యోగం విరమించినా సమాచారం విరమించలేదు. సగం విని, మిగతా సగం సొంతంగా తయారుచేసి, మొత్తం పంచిపెట్టడం ఆయనకు అలవాటు.

ఆ రోజు గచ్చిబౌలి ఆసుపత్రిలోనూ అంతే జరిగింది. రత్నమాల పరీక్షకు రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్లింది. డాక్టర్ ఉమాశ్రీ ఈయనకు విడమరిచి చెప్పింది.

"పాత మాత్రలు చాలడం లేదండీ. మేడంగారికి సెల్ సిగ్నలింగ్ మరీ ఎక్కువైపోయింది. లోపల జాక్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, కబుర్లు మోసేది అదే. 'మంట పెట్టండి, మంట పెట్టండి' అని ఆపకుండా సిగ్నల్స్ పంపుతోంది. దాంతో ఒంటిని కాపాడాల్సిన సైన్యమే వెళ్లి కీళ్లను కొరుకుతోంది. ఆ జాక్‌ని బ్లాక్ చేయాలి."

"బ్లాకా? మాది బి బ్లాకండీ!"

అడ్రసు చెబుతున్నాడు కాబోలనుకుంది డాక్టరు. "సరే, రాసుకుంటాం. టీబీ లేదని రిపోర్టు వచ్చాకే కొత్త మాత్ర. మేమే ఫోన్ చేస్తాం, చేసిన రోజే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే వేళ్లు వంకర తిరుగుతాయి. తిరిగాక ఏ మందూ సరిచేయలేదు."

వంకర అన్న మాట రామబ్రహ్మం గుండెలో దిగింది. సెల్లు, సిగ్నలు, బ్లాకు బుర్రలో దిగాయి. మాత్ర మాత్రం ఎక్కడా దిగలేదు. ఎందుకంటే బి బ్లాకు మేడ మీద, సరిగ్గా వాళ్ల పడకగది నెత్తిన, సెల్ టవరు నిలబడి ఉంది. జాక్ అనేవాడు ఆ టవరు కంపెనీ ఇంజనీరై ఉంటాడని ఆటోలోనే తేల్చేశాడు.

ఆ ఆదివారమే మేడ మీద సమావేశం పెట్టాడు. అపార్ట్‌మెంటు లేచిన స్థలం ఒకప్పుడు లింగమూర్తిది. మేడ మీద హక్కు ఇప్పటికీ ఆయనదే, పావురాల గూళ్లూ ఆయనవే.

"ఏంది సారూ, టవరు తోని చేతులు గుంజుతయా? గట్లయితే మా పావురాలకు ఎన్నడో పక్షవాతం రావాలె."

"డాక్టరమ్మే చెప్పింది లింగమూర్తీ. సెల్ సిగ్నల్ ఎక్కువైందట."

"డాక్టరమ్మ చెప్తే ఇగ ఫికర్ లేదు, తీసెయ్యుండ్రి. జాగ ఖాళీ అయితే ఇంకో గూడు కట్టుకుంట."

ఎదురింట్లో కిరాయికుండే ఉదయ్ భాస్కర్ చెయ్యెత్తాడు. ఇంట్లోంచే టీం మొత్తాన్ని తిట్టగల ఉద్యోగం అతనిది. "అంకుల్, ఆఫీస్ లాగిన్‌కి నాకు ఓటీపీ రావాలి. సిగ్నల్ పోతే ఎలాగండీ?"

"నీకు ఓటీపీ ముఖ్యమా? ఓ ఆంటీ ముఖ్యమా?"

ఉదయ్ భాస్కర్ చెయ్యి దించేశాడు.

"అందరూ పిడికిలి బిగించండి! జాక్ డౌన్ డౌన్!" అని అరిచాడు రామబ్రహ్మం. జాక్ ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ గట్టిగా అరిచారు. ముందు వరసలో రత్నమాలా చెయ్యెత్తింది. కనపడని గ్లాసేదో పట్టుకున్నట్టు ఆ వేళ్లు సగంలోనే ఆగిపోయాయి. అది చూసి రామబ్రహ్మం ఒక నినాదం మింగేశాడు. తర్వాతిది రెండింతలు అరిచాడు.

ఆ గోల భరించలేక, రేడియేషన్ పరీక్ష చేయించేదాకా అని చెప్పి కంపెనీవాళ్లు టవరు ఆపేసి పోయారు. రామబ్రహ్మం అక్కడితో ఆగలేదు. ఇంట్లో వైఫై కూడా పీకేశాడు. వైఫ్ కోసం వైఫై వదిలిన మగాడు మియాపూర్‌లో ఇంకొకడు లేడని చాటుకున్నాడు. ఉదయ్ భాస్కర్ ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్రో స్టేషన్ మెట్లకు కాపురం మార్చాడు. "కబురు పంపాల్నంటే చెప్పుండ్రి, పావురాన్ని ఇడుస్త," అని లింగమూర్తి ఎదురైన ప్రతివాళ్లనూ ఏడిపించాడు.

రత్నమాల చేతులు మాత్రం బాగుపడలేదు. ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టు జారింది. కింద ముక్కలు, పైన ఆమె చూపు.

"ఏమండీ, ఆ డాక్టరమ్మ ఫోన్ చేస్తానంది కదా?"

"చేస్తే ఎత్తనా రత్నం? ఫోను జేబులోనే..."

తీసి చూశాడు. సిగ్నల్ గీతలుండాల్సిన చోట ఒక్క గీతా లేదు. నుదుటి గీత మాత్రం స్పష్టంగా కనిపించింది. చెప్పులు వేసుకున్నాడో లేదో చూసుకోకుండా మెట్రో స్టేషన్ దాకా పరుగెత్తాడు. మెట్ల మీద ఉదయ్ భాస్కర్ జరిగి చోటిచ్చాడు. జేబులో ఫోను ప్రాణం లేచొచ్చి టింగు టింగుమంది. అన్నీ ఆసుపత్రి కాల్సే. చివర్న మెసేజీ: రిపోర్టు బాగుంది, మాత్ర ఈరోజే మొదలుపెట్టండి. 'ఈరోజు' ఎప్పుడో పోయిన వారం మాట.

డాక్టరుకు ఫోన్ కలిపాడు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ?"

"ఇక్కడేనండీ! ఆ జాక్‌ని మేమే ఆపించేశాం."

"మాత్ర లేకుండా ఎలా ఆపారు?"

"కంపెనీవాళ్లే కరెంటు తీసేశారండీ."

డాక్టరు ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఈసారి తప్పు సిగ్నల్‌ది కాదు.

"సర్, సెల్ అంటే ఫోన్ కాదు, కణం. జాక్ మీ మేడ మీద లేదు, ఆవిడ కణాల్లో ఉంది. వేళ్లు ఇంకా వంకర తిరగలేదు కదా?"

"ఇంకా లేదండీ," అంటూనే లేచి మెట్లు దిగబోయాడు రామబ్రహ్మం. "అంకుల్, పదండి," అని ఉదయ్ భాస్కరే బండి తీసి మందుల షాపుకు పోనిచ్చాడు.

ఇంటికొచ్చి రత్నమాల ముందు మొత్తం కక్కేశాడు. ఆమె అంతా విని, మాత్ర మింగి, అలవాటు చొప్పున చెయ్యెత్తింది. ఆయన అలవాటు చొప్పున తల వంచాడు. వేళ్లు ముడవలేదు. అరచెయ్యి వెడల్పుగా వచ్చి బట్టతల మీద ఆనింది. మొట్టికాయ పడాల్సిన చోట దీవెన పడింది. ఆయనకు ఏ మొట్టికాయా అంత నొప్పి పెట్టలేదు.

టవరు మళ్లీ వెలిగించండని ఆయనే వెళ్లి కంపెనీవాళ్లను బతిమాలాడు. "గిప్పుడే గద సారూ గూడు కట్టిన! జర నిమ్మలంగ ఉండనియ్యరా నన్ను?" అని లింగమూర్తి గొణిగాడు. చివరికి టవరూ వచ్చింది, గూడూ ఉంది.

మాత్ర తన దారిన తను నెమ్మదిగా పనిచేసింది. డాక్టరమ్మ రక్తం పరీక్షలకు పిలిచినప్పుడల్లా మొదటి రింగుకే ఫోనెత్తాడు రామబ్రహ్మం. వేళ్లు దక్కాయని డాక్టరే చెప్పింది. రత్నమాల ముందు గ్లాసు పట్టుకుంది, తర్వాత చపాతీ పిండి పిసికింది. ఆయన అడగలేదు. అడిగి వేయించుకునేది మొట్టికాయ ఎలా అవుతుంది?

ఒక పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి, పొంగేదాకా పేపరు చదివాడు. పాలు పొంగి స్టవ్వంతా పారాయి. వెనక గాజుల చప్పుడైంది. నెత్తిన టక్కుమంది. ఎముక తగిలింది, గట్టిగానే తగిలింది.

రామబ్రహ్మం వెనక్కి తిరగలేదు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, గొంతు సవరించుకుని అన్నాడు:

"సరిగా అందలేదు రత్నం. ఇంకోసారి పంపు."