లోపలి ముఖం

నేను ఒక బ్రేకు డిస్కుని. కారు ముందు ఎడమ చక్రం వెనకాల గిరగిరా తిరుగుతూ బతికినదాన్ని. కొలిమిలో కరిగి, అచ్చులో గడ్డకట్టి, లేతు మీద నునుపు తేలి లోకంలోకి వచ్చాను. కారు కొనేవాళ్ళు రంగు చూస్తారు, పాటలు ఎలా వినిపిస్తాయో చూస్తారు, సీటుని అరచేత్తో తట్టి మరీ చూస్తారు. ప్రాణాలు కాపాడేదాన్ని మాత్రం పలకరించరు. విశాఖపట్నంలో ఒక ప్లీడరు నన్ను చూడకుండానే అమ్మేశాడు, నర్సీపట్నం సన్యాసినాయుడు చూడకుండానే కొన్నాడు.

నాయుడు మంచివాడే. కారుని బాడుగకి తిప్పుకునేవాడు. దసరాకి చక్రాలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించేవాడు. అక్కడితో తన బాధ్యత తీరిందనుకునేవాడు.

నాకు రెండు ముఖాలు. ఒకటి చక్రం విప్పితే కనిపిస్తుంది. రెండోది కారు అడుగుకి తిరిగి ఉంటుంది, చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి. రెండు వైపులా రెండు ప్యాడ్లు నొక్కితేనే చక్రం ఆగుతుంది. ఆ వానాకాలం వాటిని పట్టుకునే కాలిపర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ ఒక్కటే రాసుకుని రాసుకుని అరిగిపోయి, దాని ఇనుము నన్ను కోయడం మొదలెట్టింది.

ఆ చప్పుడు నాయుడి భార్య వరహాలమ్మ చెవిన పడింది. కారు వాకిట్లో ఆగుతుంటే వంటింట్లోంచే కేకేసింది.

"ఏటయ్యా ఆ గరగర? ఒకపాలి సూడు."

ఆదివారం నాయుడు జాకీ పెట్టి చక్రం విప్పాడు. బయటి ముఖాన్ని గోరుతో గీశాడు, అంచు తడిమాడు. నేను తళతళలాడుతున్నాను.

"అద్దంనాగుంది."

"లోపలేపు కూడా సూడకూడదేటి?"

నేలంతా బురద. ఆయన ఒంటి మీద ఇస్త్రీ చొక్కా.

"రెండేపులా ఒకేనాగ అరుగుతాదే. బేగి సీర కట్టుకో, లంబసింగి తీసుకెల్తాను. బ్రేకులెలాగున్నాయో నువ్వే సూద్దువుగాని."

నాకు నోరుంటే అరిచేదాన్ని. నాకున్న గొంతల్లా ఆ గరగరే, దాన్ని ఆమె ఒక్కతే వింది.

కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పనెక్కడిది? చప్పుడు లేదు. "నిజవేనయ్యా, నానే ఉత్తినే బెంగెట్టుకున్నాను," అంది వరహాలమ్మ. మొగుడి మాట నెగ్గినందుకు ఆమెకే ఎక్కువ సంతోషం. పైన ఇద్దరూ వేడి వేడి బజ్జీలు తిన్నారు.

దిగేటప్పుడు, ఒక మలుపులో, అరిగిన ప్యాడ్ ఊడిపోయింది. దాన్ని నొక్కే పిస్టన్ బయటికి జారి, బ్రేకు ఆయిలు కారిపోయింది. నాయుడు తొక్కిన పెడల్ నేలకి అంటుకుంది. కుడివైపు లోయ. ఆయన స్టీరింగు ఎడమకి తిప్పి కారుని కొండకి గుద్దించాడు. ఇంకో దారి లేదు. ఎడమవైపు కూర్చున్నది వరహాలమ్మ.

నేనిప్పుడు పాత ఇనుము కొట్లో ఉన్నాను. రేపో మాపో కరిగించి ఇంకేదో చేస్తారు. ఆమె పెద్దకర్మ అయ్యాక నాయుడు ఇక్కడికి వచ్చాడు. పాత ఇనుము గుట్టంతా వెతికి నన్ను పట్టుకుని తిరగేశాడు. లోపలి ముఖం మీద వేలు పెడితే అది గాడిలోకి దిగిపోయింది.

"ఏటి కావాల నాయుడుగోరూ?" కొట్టువాడు అడిగాడు.

"ఏటీ నేదు. ఇటేపు సూద్దారనొచ్చేను."

నన్ను అంతసేపు చూసిన మనిషి మరొకడు లేడు. అప్పటికి వాన మొదలైంది. ఆయన ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ముఖాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. తరవాత దాన్ని కిందికి తిప్పి, నన్ను ఇనుము మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.