సరే తర్వాత బొమ్మ

రొట్టెల కొట్టాయన పిండి చేతులతో చిందులు వేస్తున్నాడు. అడిగినవాడికీ అడగనివాడికీ చేతిలో బన్ను పెట్టి, ఒప్పుకుందని చెబుతున్నాడు. ఏళ్ల తరబడి ఏడుపు మొహంతో రొట్టెలు అమ్మిన మనిషి ఈల వేస్తుంటే, వచ్చినవాళ్ళు కొనడం మానేసి నవ్వుతున్నారు. ఊరికే వచ్చిన బన్ను ఎవరికైనా రుచే కదా.

ఆ కొట్టుకి వెబ్‌సైటు రాసిపెట్టిన మనిషిని వీధంతా సిస్టం అనే పిలుస్తుంది. నిన్నటిదాకా కొట్టాయనా అలాగే పిలిచాడు. ఈరోజు గుమ్మంలోకి రాగానే వాటేసుకున్నాడు.

"రా బావమరిదీ."

సిస్టంకి ఒక్కతే అక్క. ఎదురుగా బట్టలు కుట్టే కొట్టు ఆమెది. పెళ్ళి మాటెత్తితే కత్తెర చూపించే రకం. నోరు పెగలని కొట్టాయన, వెబ్‌సైటులో ఆర్డర్ల కిందుండే సందేశాల పెట్టెలోనే తనని పెళ్ళి చేసుకుంటారా అని ఆమెని అడిగేశాడట. జవాబు తెర మీద మెరుస్తోంది: 'సరే'.

సిస్టం కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒక్క పరుగున రోడ్డు దాటాడు. అక్క మిషను ఆపి పెదవి విరిచింది.

"సరే ఏంట్రా? సరే అని, నవ్వే మొహం బొమ్మ పెట్టి, 'అంటాననుకున్నారా? రొట్టెలకి పెట్టినట్టు పెళ్ళికీ ఆర్డరు పెడతారా?' అని రాశాను."

బొమ్మ అనగానే ఏం జరిగిందో అతనికి అర్థమైంది. సందేశాలు దాచే డేటాబేసుది పాత అమరిక. అక్షరానికి మూడు బైట్లకి మించి చోటివ్వదు. తెలుగు అక్షరం అందులో సర్దుకుంటుంది, ఎమోజీకి నాలుగు కావాలి. చాలకపోతే మాటమాత్రమైనా చెప్పకుండా, బొమ్మనీ దాని వెనకున్న మాటలన్నిటినీ కలిపి కోసి పారేస్తుంది.

వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాడు. అక్క కిటికీలోంచి అటు చూసింది. కొట్టాయన, పాలు పోసే ముసలాయన చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఆమె నవ్వు బిగబట్టింది, ఆగలేదు, గుండీల డబ్బా దొర్లిపోయేలా నవ్వింది. కుడుతున్న గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"నిజం చెప్పు. పెట్టె కూడా బాగుచెయ్. మళ్ళీ రాస్తా. ఏం రాస్తానో మాత్రం అడక్కు."

విషయం విని కొట్టాయన పిండి బస్తా మీద కూలబడ్డాడు. ఈల ఆగింది. బన్ను నములుతున్నవాళ్ళు తప్పు చేసినట్టు దవడలు ఆపేశారు. సిస్టం డేటాకి నకలు తీసి, పట్టికని నాలుగు బైట్లకి మార్చాడు. వెబ్‌సైటుకీ డేటాబేసుకీ మధ్య దారిని కూడా మార్చాడు, అదొక్కటి మరిచినా పెళ్ళి మళ్ళీ తెగేదే. కిటికీలోంచి అక్కకి చెయ్యి ఊపాడు.

'ఈసారి ఆఖరిదాకా చదవండి' అని వచ్చింది. పక్కనే నవ్వే మొహం. ఇక్కడితో ఆగిందా? సిస్టం పేజీని కిందికి లాగాడు.

'చేసుకుంటాను. పెళ్ళిలో మాత్రం ఇలా గెంతకండి.'

బన్నులన్నీ గాల్లోకి లేచాయి. కొట్టాయన మాత్రం తెరకి ముక్కు ఆనించి, వాక్యం చివర ఉన్న ఖాళీ గడిని వేలితో పొడుస్తున్నాడు.

"ఇక్కడ మళ్ళీ ఏదో పోయింది బావమరిదీ."

పోలేదు. కొట్టులో కంప్యూటరు ముసలిది, కొత్త బొమ్మలు గీయడం దానికి రాదు. సిస్టం తన ఫోనులో అదే పేజీ తెరిచాడు. సిగ్గుతో కరిగి కారిపోతున్న మొహం. అక్కదా ఇది? ఫోను గబుక్కున జేబులో దోపేశాడు.

"ఆ మొహం ఎదురు కొట్టులో ఉంది, వెళ్ళి చూసుకోండి బావా."