విమానానికి తరుగు లేదు

గంగులు బరువు ఎనభై మూడు కేజీలు. పెళ్లినాటి నుంచీ అంతే. మధ్యలో పొట్ట పెరిగింది. చొక్కా బొత్తాలు కాజాలతో తెగతెంపులు చేసుకున్నాయి. మోటారుసైకిలు వెనకసీటు మీద భార్య మరిడమ్మకి మిగిలే జాగా జానెడు నుంచి బెత్తెడుకి దిగింది. అయినా గంగులు ఎనభై మూడే. ఎవరు తూచారయ్యా అంటే తనే తూచుకున్నాడు. నెల్లిమర్లకీ రామతీర్థానికీ మధ్యనున్న రైసుమిల్లులో ముప్పై ఏళ్లుగా అతను కాటాదారు. పది ఊళ్ల ధాన్యం బరువు చెప్పేవాడికి అతని బరువు ఇంకొకడు చెప్పడమేమిటి?

కాటా గంగులుది, కాటు రైతుది అని ఆ చుట్టుపక్కల అందరూ అనేమాటే. ఎందుకంటే మిల్లులో బస్తాకి రెండు కేజీలు తరుగు తీస్తారు. తేమకి కొంత, తాలుకి కొంత, సంచికి కొంత. ఆ పద్ధతి గంగులు పెట్టింది కాదు, మిల్లుది. కానీ ముప్పై ఏళ్లలో అది గంగులు ఒంట్లోకి ఇంకిపోయింది. కన్ను నలభై రెండు అని చూస్తుంది, నోరు నలభై అని కేకేస్తుంది. కంటికీ నోటికీ మధ్య ఆ రెండు కేజీలు ఎక్కడ జారిపోతాయో గంగులుకే తెలీదు. తీసేస్తున్నానన్న ఊహ కూడా అతనికి లేదు.

అలా ఉండగా ఫిబ్రవరిలో విశాఖ నుంచి ఒక ఎగిరే క్లబ్బువాళ్లు ట్రాలీ మీద ఒక బుల్లి విమానాన్ని తెచ్చి, మిల్లు ఎదురుగా జీడితోటల పక్కనున్న పొడవాటి మెరకలో ఐదురోజులు మకాం వేశారు. రెండు సీట్లు, మూడు చక్రాలు, పైన గుడ్డరెక్క, వెనక పంకా. తలుపులు లేవు. దాన్ని చూసి, ఆటోకి పెళ్లీడొచ్చి రెక్కలొచ్చాయన్నారు జనం. పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, గాలి లేవకముందు, ఒక్కొక్కరినీ ఎక్కించుకుని రామతీర్థం కొండల మీంచి, చంపావతి వెంబడి, కోనాడ దగ్గర ఏరు సముద్రంలో కలిసేదాకా తిప్పి తెస్తారు.

నడిపేవాడు బెన్హర్. పార్వతీపురం కుర్రాడే, ముప్పై రెండేళ్లు. పైలట్టంటే పైలాపచ్చీసుగా ఉంటాడనుకున్నారు గానీ, అతను బళ్లో డ్రిల్లు మాస్టారి కంటే ఖచ్చితం. పక్కసీట్లో కూర్చునేవాళ్లు ఎనభై ఐదు కేజీలు దాటకూడదు. దాటితే దణ్ణం పెట్టి దించేస్తాడు. అందుకోసం బరువు చూసే ఒక చిన్న గాజుపలక మిషను తెచ్చుకున్నాడు. మొదటిరోజు పొద్దున్నే ఒక రొయ్యలచెరువుల ఆసామి బూట్లతో సహా దాని మీదికి ఎక్కాడు. ఆసామికి ఏమీ కాలేదు.

విమానానికి కొలమానం లేకుండా పోయిందని బెన్హర్ దిగులుపడుతుంటే, మిల్లు మూలన పడున్న పాత ఇనపకాటాని ట్రాక్టరు మీద తెప్పించారు. దండె మీద గుండు జరిపి చూసే రకం. గీతలు రాపిడికి అరిగిపోయి గంగులు కంటికి తప్ప ఆనవు. అంచేత కాటాతోపాటు గంగులూ వచ్చాడు.

"బాబాయ్, ఐదు పొద్దులు సాయం చెయ్యండి. ఆదివారం ఆఖరి ట్రిప్పు మీదే," అన్నాడు బెన్హర్.

ఆ మాటతో గంగులు నేలమీద నిలవలేదు. రెక్కల విమానం సంగతి అలా ఉంచండి, రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి గంగులు. కాటా ఎత్తు జానెడు. ముప్పై ఏళ్లలో ఎన్ని లక్షల బస్తాలు ఎక్కించినా అతను దేన్నీ నేలకి జానెడు మించి లేపింది లేదు. రామతీర్థం బోడికొండని పుట్టినప్పటి నుంచీ కిందనుంచే చూశాడు. ఇప్పుడు దాని నెత్తి చూడబోతున్నాడు.

సాయంత్రానికి మిల్లంతా చాటేశాడు. "ఆదివారం ఎనిమిదింటికి అందరూ డాబా ఎక్కండర్రా! మిల్లు మీదికొచ్చినప్పుడు ఎర్రతువ్వాలు ఊపుతాను, సూసుకోండి!"

"నీ పొట్ట ఊగినా సాలు, కనపడతాది," అంది మరిడమ్మ.

"ఒసే, నీకు కుళ్లు."

"నాకేటి కుళ్లు? తలుపుల్లేని బండిలో నువ్వు కూకుంటే, ఆ పక్కకి ఒరిగి రామతీర్థం కోవిల్లో దిగుతాది. పున్నెమే."

నాలుగురోజులు సజావుగా గడిచాయి. టీచరమ్మలు, కాలేజీ పిల్లలు, ఫొటోల మోజున్న కొత్తజంటలు, అందరూ తేలికవాళ్లే. గంగులు గుండు జరపడం, కేకెయ్యడం, బెన్హర్ రాసుకోవడం.

ఆదివారం రెండో ట్రిప్పు చినబాబుది. మనిషి ధాన్యపు గాదెలాంటివాడు, గంగులుకి వరసకి బావ. కాటా ఎక్కాడు. గంగులు గుండు జరిపాడు. కన్ను ఎనభై తొమ్మిది చూసింది.

"ఎనభై ఐదు!" అంది నోరు. "సరిగ్గా సరిపోనాది బావా! ఎక్కెయ్."

విమానం పరుగెత్తింది. రోజూ లేచే సున్నపు గీత దాటింది, లేవలేదు. ఎర్రజెండా దాటింది, లేవలేదు. మెరక అయిపోవస్తుంటే లేచీలేవనట్టు లేచి, జీడితోట నెత్తిన దువ్వెన పెట్టి దువ్వినట్టు వెళ్లింది. కింద జనం చప్పట్లు కొట్టారు. చినబాబు కావాలనే అలా చేయించాడనుకున్నారు.

ముప్పావుగంటకి తిరిగొచ్చారు. చినబాబు నవ్వుతూ దిగాడు. బెన్హర్ నవ్వకుండా దిగాడు. వంగి, వెనకచక్రం సందులోంచి ఏదో లాగి, గంగులు దగ్గరికి తెచ్చాడు. పూతతో ఉన్న జీడిరెమ్మ.

"ఏంటి బాబాయ్ ఇది?"

"జీడిపూత. ఈయేడు బాగా పట్టినాది."

"చక్రానికి పట్టింది బాబాయ్." బెన్హర్ కాటా ఎక్కి నిలబడ్డాడు. "నన్ను తూచండి."

గంగులు గుండు జరిపాడు. "అరవై ఎనిమిది."

"పోయిన సోమవారం డాక్టరు డెబ్బై రెండన్నాడు. ఆరు రోజుల్లో నాలుగు కేజీలు ఎటుపోయాయి?"

"డాక్టరుకేటి తెలుసు..." అనబోయి గంగులు ఆగిపోయాడు. మళ్లీ దండెకేసి చూశాడు. గుండు డెబ్బై రెండు దగ్గరే ఉంది. ఎన్నిసార్లు చూసినా అక్కడే ఉంది.

ముందుగా చినబాబుకి వెలిగింది. "ఓలమ్మ ఓలమ్మ! తరుగర్రా, తరుగు! మనుసులకి తరుగు తీసేస్తన్నాడర్రా!"

"బస్తాకి రెండు కదా, నాలుగెందుకు?" అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

"నలభై దాటితే రెండో బస్తా కిందకే వస్తాది కదేటి," అన్నాడు గంగులు నీరసంగా. అదీ పద్ధతే.

రైతులు పొట్టలు పట్టుకున్నారు. ఒకడు తనకి తేమెంతో చెప్పమన్నాడు. ఇంకొకడు చినబాబులో తాలే ఎక్కువన్నాడు. ఎగతాళి చేసేవాళ్లంతా ముప్పై ఏళ్లుగా ఆ తరుగు ఇచ్చుకున్నవాళ్లే కాబట్టి ఒక్కొక్కరికీ నవ్వు రెండేసి కేజీలు ఎక్కువే వచ్చింది.

బెన్హర్ మాత్రం రెమ్మని గంగులు చేతిలో పెట్టాడు. "తేలికవాళ్లయితే తెలీలేదు బాబాయ్. ఇవాళ గాలి బొత్తిగా లేదు. ఇంకో రెండు కేజీలుంటే మేమిద్దరం ఆ తోటలోనే ఉండేవాళ్లం." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే గంగులుకి కాస్త నయంగా ఉండేది. "సరే. ఆఖరి ట్రిప్పు మీది. మీరే తూచుకోండి. ఆ గీతలు నాకెలాగూ కనబడవు. మీరెంతంటే అంత. తరుగు లేకుండా చెప్పండి."

మిల్లు డాబా మీద అప్పటికే జనం ఎక్కేశారు. ఎవరో ఈల కూడా వేశారు. గంగులు తలకి కట్టిన ఎర్రతువ్వాలు సవరించుకుని కాటా ఎక్కాడు. దండె కదిలింది. గుండు జరుగుతుంటే గుండె జారింది. ఎనభై మూడు దగ్గర దండె దిగనే లేదు. ఎనభై ఐదు దగ్గరా దిగలేదు. ఎనభై ఏడు దగ్గర నిలిచింది.

ముప్పై ఏళ్లుగా మోసింది ఎనభై ఏడు, చెప్పుకున్నది ఎనభై మూడు.

"ఎనభై ఏడు," అన్నాడు. ఆ మాట పలకడానికి దవడలు నొప్పి పుట్టాయి.

"రెండు కేజీలే కదా మావా, ఇప్పేయ్!" అని అరిచారు రైతులు. గంగులు విప్పాడు. చెప్పులు, మిల్లు తాళాలగుత్తి, బస్తాలు లాగే ఇనపకొక్కెం, ఫోను, చేతికడియం, బొడ్లోని పొగాకుసంచి, చొక్కా, చివరికి తువ్వాలు. ఒక్కొక్కటీ పక్కన గట్టు మీద కూర్చున్న మరిడమ్మ ఒళ్లోకి వెళ్లింది. బనీనుతో, లాగుతో నిలబడి గుండు జరిపాడు. ఎనభై ఐదున్నర.

"ఒక్క నిమిషం," అని జీడిచెట్ల చాటుకి వెళ్లొచ్చాడు. ఎందుకు వెళ్లాడో ఎవరూ అడగలేదు. ఎనభై ఐదుంపావు.

"పెట్రోలు కాస్త తీసెయ్ రాదా బాబూ?" అంది మరిడమ్మ. ఆ పొద్దున్న ఆమె ఒక్క వెటకారమూ ఆడలేదు.

"వెళ్లిరావడానికి ఎంత కావాలో అంతే పోశానమ్మా. అందులో తరుగు తీస్తే చంపావతిలో దిగాలి." బెన్హర్ వాచీ చూసుకున్నాడు. "ఎనిమిదింపావు దాటితే లేవను. తొమ్మిదికల్లా గాలొచ్చేస్తుంది."

ఎనిమిదీ పది అయింది. గంగులు మళ్లీ ఎక్కాడు. ఊపిరి వదిలేసి నిలబడ్డాడు. ఒంట్లో గాలి పోతే బరువు తగ్గుతుందని అతని ఆశ. గుండు ఎనభై ఐదు మీద పెడితే దండె ఊగింది, ఊగింది, పావు మీదికి జరిపితే గానీ నిలవలేదు. చూసేవాళ్లు చుట్టూ నలభైమంది. గీత కనిపించేది ఒక్కడికి. బెన్హర్ పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, గంగులు ముఖం కేసి చూస్తున్నాడు.

పావుకేజీ. ఉల్లిపాయలు కొంటే కొసరు కింద వేసేంత. చినబాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టి గుసగుసగా అన్నాడు, నలభైమందికీ వినపడేలా: "బావా, ఆ పావూ తరుగు తీసెయ్. మేవంతా ఒప్పుకుంటన్నాం. ముప్పై ఏళ్లు మాకాడ తీసినావు, ఒక్కసారి నీకాడ తీసుకో!"

"తీసెయ్, తీసెయ్!" అని అందరూ అందుకున్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

గంగులు నోరు తెరిచాడు. నోటికి అలవాటే కదా, తనంతట అదే 'ఎనభై ఐదు' అనెయ్యడానికి సిద్ధంగా ఉంది. జీడిరెమ్మని ఎప్పుడో కాటా పక్కన పడేశాడు. దాని పూత మాత్రం ఇంకా అరచేతికి అంటుకునే ఉంది.

"ఎనభై ఐదుంపావు," అన్నాడు. "రాసుకో బాబూ. నాను ఎక్కను."

బెన్హర్ కలం మూసి, "థాంక్స్ బాబాయ్" అన్నాడు. ఆ తర్వాత ఖాళీ సీటు కేసి చూసి, "ఇంకెవరైనా?" అన్నాడు.

గంగులు దిగి, మరిడమ్మ ఒళ్లోంచి చెప్పులూ తాళాలూ ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. ఎర్రతువ్వాలు మాత్రం ఆమె భుజం మీదే ఉంచాడు. "ఎక్కవే మరిడీ."

"నానా? ఓలమ్మ, నాకేటి పిచ్చా?"

"డాబా మీద జనం ఉన్నారు. ఎవరో ఒకరు ఊపాల కదా. ముందు కాటా ఎక్కు."

ఎక్కింది. గంగులు వంగి చూసి, రెండోసారి చూసి, కేకేశాడు. "నలభై తొమ్మిది!"

"తరుగెంతేటి?" అంది మరిడమ్మ.

"లేదు."

"పెళ్లైన ఇన్నాళ్లకి ఒక్కరోజైనా నన్ను పూర్తిగా లెక్కేసినావు," అని చెంగు బిగించి వెళ్లి సీట్లో కూర్చుంది. బెల్టు బెన్హర్ పెట్టాడు. విమానం సున్నపు గీత కంటే బోలెడు ముందే లేచింది.

గంగులు బనీనుతోనే నిలబడి తలెత్తి చూశాడు. పంకా చప్పుడు మిల్లు మీదికి వెళ్లింది. డాబా మీద కేకలు లేచాయి. పైన ఎర్రటి చుక్క ఒకటి ఊగింది. ఊగడమంటే అలా ఇలా కాదు, ఈగలు తోలినట్టు. తర్వాత బోడికొండ పక్కనుంచి ఒరిగి, మంచులో కలిసి, కనపడకుండా పోయింది. ఆ ముప్పావుగంటా అతను చొక్కా వేసుకోలేదు.

దిగాక మరిడమ్మ జుట్టు పిచ్చికగూడులా ఉంది. మూడు గుక్కల్లో చెంబెడు నీళ్లు తాగింది.

"సెప్పు," అన్నాడు గంగులు.

"ఏటి సెప్పాల? కొండ నెత్తిమీద గుంటలున్నాయి, నీళ్లున్నాయి. సెంపావతి ఇసకలో రెండు పాయలై, మళ్లీ కలిసి, మళ్లీ ఇడిపోనాది, మన తగువులాగ. కోనాడ కాడ ఏరు పచ్చగుంటే సముద్రం నీలంగున్నాది. రెండూ తాకినకాడ తెల్లగీత. ఎనకాల సాలూరు కొండలు దొంతరలు దొంతరలుగా, ఉతికి ఆరేసినట్టు."

"మరి మిల్లో?"

"అగ్గిపెట్టంత."

"నానో?"

మరిడమ్మ తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు బాగానే కనపడినావు. కిందున్నోల్లలో బనీనుతో ఉన్నది నువ్వొక్కడివే కదా."

మధ్యాహ్నానికి విమానం ట్రాలీ ఎక్కి వెళ్లిపోయింది. సోమవారం కాటా మిల్లుకి తిరిగొచ్చింది. మొదటిబండి చినబాబుదే. బస్తా ఎక్కింది. గంగులు గుండు జరిపాడు.

"నలభై రెండు!" అని ఆగాడు. తర్వాత విడిగా, వేరే మాటగా, "తరుగు రెండు. నలభై!"

"అదేటి బావా, కొత్తగా?" అన్నాడు చినబాబు. "ఇన్నాళ్లూ ఒక్క కేకే కదా."

"తరుగు మిల్లోలు సెప్పినదే, నాను ఆపలేను. బరువు మాత్రం ఇనపడాల. నువ్వూ ఇను, నానూ ఇంటాను."

రెండు కేకల వల్ల బండికి పావుగంట ఆలస్యమవుతోందని యజమాని లోపలినుంచి విసుక్కున్నాడు. గంగులు తర్వాతి బస్తా ఎక్కించాడు.

"అది సరేగానీ," అన్నాడు చినబాబు, "ఇంతకీ నీ బరువెంత బావా?"

"ఎనభై ఏడు," అన్నాడు గంగులు, గుండు మీంచి కన్ను తియ్యకుండా. "పొద్దున్న ఇడ్లీలు తిన్నాను. ఎనభై ఏడున్నర."