నా వెనక సీటు

నేను ఒక స్టేషన్ వ్యాగన్ని. అంటే కారునే, కాకపోతే నా డిక్కీ పైకప్పుదాకా ఉంటుంది. ముందు సగం చూసినవాళ్ళు కారన్నారు, వెనక సగం చూసినవాళ్ళు వ్యానన్నారు. రెండూ కలిపి చూసింది మంగతాయారు ఒక్కతే.

ఫ్యాక్టరీలో నన్ను పెద్ద కుటుంబాల కోసం చేశారు. నేను బయటికొచ్చేసరికి కుటుంబాలు చిన్నవైపోయాయి. మొదట కొన్న డాక్టరుగారు రెండేళ్ళకే వదిలించుకుంటే, తాడేపల్లిగూడెంలో మైకుసెట్లు అద్దెకిచ్చే గంగరాజు కొన్నాడు. స్టీరింగు పట్టుకుంటే అతనికి చెమటలు. అందుకని వెనక సీటు మడిచి, సౌండు బాక్సులెక్కించి, పెళ్ళిళ్ళకి నన్ను తోలింది అతని భార్య మంగతాయారే. ఆవిడ ఎంత జోరుగా మలుపు తిప్పినా లోపల బాక్సు కదిలేది కాదు.

ఊరి బయట పాత రన్‌వే మీద ఏటా ఔత్సాహికుల కారు పందేలు. మామూలు కార్ల తరగతిలోకి నన్ను రానివ్వమని ఆవిడ మూడేళ్ళు అర్జీ పెట్టింది.

"దీంట్లో శవాన్ని కాళ్ళు చాపి పడుకోబెట్టొచ్చమ్మా. ఇది కారెలా అవుద్ది?" అన్నారు క్లబ్బు సెక్రటరీ వర్మగారు.

"మీరు పడుకుంటానంటే చెప్పండి, మెల్లగా తోల్తాను," అందావిడ.

నాలుగో ఏడు కమిటీ దిగివచ్చింది. వెనక సీటున్న ఏ బండైనా మామూలు కారేనని నోటీసు పెట్టింది. నాకదే ఆఖరి ఏడు కూడా. అడుగు రేకు తుప్పు తినేసింది. నెలాఖరుతో రిజిస్ట్రేషను గడువు తీరుతుంది, ఇక పొడిగించేది లేదన్నారు.

పందెం నాటి పొద్దున ఆవిడ తలంటుకుంటుంటే, బరువు తగ్గితే పరుగు పెరుగుతుందని గంగరాజు ఎంతో ప్రేమగా బోల్టులు విప్పి, వెనక సీటు తీసి వరండాలో పెట్టాడు. చెబితే వద్దంటుందని చెప్పలేదు. ఎప్పుడూ మడిచి ఉండే సీటే కాబట్టి ఆవిడా గమనించలేదు. నాకున్న నోరు హారన్ ఒక్కటే, అది ఎవరైనా నొక్కితేగాని పలకదు.

రన్‌వే దగ్గర వర్మగారు వెనక తలుపు తెరిచారు.

"సీటేదమ్మా?"

మంగతాయారు మొగుడి వైపు చూసింది.

"ఇంటికాడుందండి. బరువని..." అన్నాడు గంగరాజు.

"మరి ఇల్లు కూడా తోలుకురాకపోయారా?"

ఎవరో నవ్వారు. జెండా ఊపడానికి పది నిమిషాలుంది. ఇంటికి రానూపోనూ అరగంట. ఆవిడ నన్ను వెనక్కి తిప్పింది. దారిపొడుగునా స్పీడు ముప్ఫై దాటలేదు.

నెలాఖరున తుక్కు యార్డుకి వచ్చాను. ఇక్కడ నా పక్కన రెండు మామూలు కార్లున్నాయి. ముగ్గురినీ ఒకే తరగతిలో పడేశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొన్న నెంబరు ప్లేట్ల కోసం వచ్చిన గంగరాజు యార్డువాడితో చెబుతుంటే విన్నాను. సీటు ఇంకా వరండాలోనే ఉందట. సాయంత్రాలు మంగతాయారు ఓ పక్కగా కూర్చుంటుందట, ఇంకొకరికి చోటు వదిలి.

"రమ్మంటదండి," అన్నాడు. "నేనే, కింద కూర్చుంటన్నాను."