కొరిన్‌కు బదులుగా

మొక్కజొన్న కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఆరిన్ స్టెబిన్స్‌కు ఆ ప్రాంతపు చర్చిల మీద అధికారి అయిన సూపరింటెండెంటు ప్రూయిట్ ఫోను చేశాడు. ఆరిన్ ఎప్పుడో రిటైరైన మెథడిస్టు పాస్టరు. పక్క ఊరి పాస్టరు కొరిన్ హాప్ట్ ఇద్దరు ఆడపిల్లలకు ఒకరితో ఒకరికి పెళ్లి జరిపించింది. అయోవా రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా చర్చి నియమం ఒప్పుకోదు. విచారణ జరిపి, నెల్లాళ్లు ఆమె పాస్టరు పని ఏదీ చేయకూడదన్నారు. ఆ నెల ఆమెకు బదులుగా ఆరిన్ నిలబడాలి.

నియమం నియమమే గదా అనుకుని ఆయన సరేనన్నాడు. అన్నాడే గానీ, ఆ క్షణం నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. ప్రసంగం రాద్దామని కూర్చోవడం, లేవడం, కిటికీ దాకా వెళ్లి రావడం.

"ఆ కుర్చీలో ముళ్లేమైనా ఉన్నాయా?" అంది భార్య నాడీన్.

ఆదివారం కొరిన్ చర్చిలో ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చేతులు కలిపారు, కాఫీ ఇచ్చారు, గుమ్మడికాయ కేకు పెట్టారు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. మూడో వరుసలో కొరిన్ మామూలు కోటు వేసుకుని, పాటల పుస్తకం పట్టుకుని కూర్చుంది. ప్రార్థన మనవులు చెప్పమంటే ఒకరి తర్వాత ఒకరు లేచి మా పాస్టరు కోసం, మా పాస్టరు కోసం అన్నారు. ప్రతిసారీ "ప్రభువా, ఆలకించు" అనాల్సింది ఆయనే.

తర్వాత కొరిన్ తనే దగ్గరికొచ్చి, ఆస్పత్రిలో ఉన్న ముసలావిడ ఆర్డిత్ కెంపర్ గురించి చెప్పింది. చెయ్యి పట్టుకుని ఒక పాట పాడితే చాలని, ప్రార్థన పొడుగైతే నిద్రపోతుందని నవ్వింది. ఆయన ఉండబట్టలేక, మళ్లీ అలాంటి పెళ్లి చేస్తావా అని అడిగేశాడు.

"చేయనని మాటిస్తే శిక్ష ఎత్తేస్తామన్నారండీ. ఇవ్వలేకపోయాను. ఆ పిల్లల్లో ఒకదానికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. అన్నిటికీ రమ్మని పిలిచి, దీనికి మాత్రం బయటికి పొమ్మని ఏ నోటితో చెప్పను?"

కారులో దారి పొడుగునా ఆరిన్ దానికి జవాబు వెతుకుతూనే ఉన్నాడు.

ఆ వారంలోనే, ఆయన ఆస్పత్రికి వెళ్లేలోపే ఆర్డిత్ పోయింది. కొడుకు గ్లెన్ కోత మధ్యలో, ఒళ్లంతా దుమ్ముతో వచ్చాడు. "మా అమ్మకు మీరెవరో తెలియదు పాస్టరుగారూ. మీ తప్పని కాదు," అన్నాడు. అమ్మను కొరిన్ సాగనంపాలని ఇంట్లో అందరి కోరిక. ఆరిన్ ప్రూయిట్‌ను అడిగాడు. ప్రూయిట్ చెడ్డవాడేం కాదు, ఈ గొడవతో విసిగి ఉన్నాడు. ఆమె బంధువుల మధ్య కూర్చోవచ్చు గానీ పాస్టరుగా నోరు విప్పకూడదన్నాడు.

చర్చిలో అంత్యక్రియల ఆరాధన ఎలాగో గడిచింది. సమాధి దగ్గర చలిగాలి కొడుతోంది. ఆరిన్ పుస్తకం తెరిచి తలెత్తాడు. జనం వెనక కొరిన్ నిలబడి ఉంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆయనకు ఇక చదవబుద్ధి కాలేదు.

"కొరిన్, ఇలా రామ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీ మీదికొస్తుందండీ."

"రానీ."

ఆమె పుస్తకం తీసుకుంది గానీ దానివైపు చూడలేదు. ఆర్డిత్ బొంతలు కుట్టడం గురించి, ఆవిడ మొండితనం గురించి నాలుగు మాటలు చెప్పి, మట్టిని మట్టికి అప్పగించింది. అంతవరకూ బిగబట్టుకున్న గ్లెన్ టోపీ తీసి, అప్పుడు ఏడ్చాడు.

ఇంకెవరో కబురు మోసేలోపు ఆరిన్ తనే ప్రూయిట్‌కు ఫోను చేసి చెప్పాడు.

"నువ్వెందుకయ్యా ఇందులో ఇరుక్కుంటావు?" అన్నాడు ప్రూయిట్. "నీ మీద కూడా ఫిర్యాదు వస్తుంది."

"రానివ్వండి. వచ్చే ఆదివారం మాత్రం నేను వెళ్లను. ఆవిడ బదులు నిలబడటం నా వల్ల కాదు."

ప్రూయిట్ వేరేవాళ్లను అడిగి చూశాడు. సంగతి అప్పటికే పాకింది, ఎవరూ వస్తామనలేదు. మిగిలిన ఆదివారాలు ఆ ఊరివాళ్లే వాక్యం చదువుకున్నారు, పాటలు పాడుకున్నారు. ఆరిన్, నాడీన్ వెళ్లి మూడో వరుసలో కొరిన్ పక్కన కూర్చున్నారు. నెల తిరిగాక ఆమె మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కింది.

ఫిర్యాదు వచ్చింది. క్రిస్మస్ తర్వాత విచారణకు రమ్మన్నారు.

"ఇంతకీ ఆ పెళ్లి సరైందేనంటారా?" అని నాడీన్ అడిగింది.

"ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను," అన్నాడాయన. "తేలనివాణ్ణి, ఆమె నోరు మూయించే పనికి ఎలా ఒప్పుకున్నాను?"

ఫిర్యాదుకు సమాధానం రాయాలని కూర్చున్నాడు. రెండు వాక్యాలు రాసి, లేచి కోటు తొడుక్కుని, కోత అయిపోయిన చేల వెంట నడుచుకుంటూ వెళ్లాడు.