సున్నం కింద అక్షరాలు

నేను రాసిన రిపోర్టు నాలుగు వాక్యాలే. అందులో మూడు నిజాలు. ఆ నాలుగోదాని గురించి ఇన్నాళ్ళూ ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

1957లో మద్రాసులో, పాత కట్టడాలను చూసుకునే ఒక సర్కారు ఆఫీసులో నేను గుమాస్తాని. జాతీయ కట్టడాల జాబితా మరీ పెద్దదైపోయిందని, పనికిరానివాటిని చట్టం చేసి తీసేసి, వాటి పోషణకిచ్చే డబ్బు ఆపేయాలని ఢిల్లీలో బిల్లు పెట్టారు. ఏవి పనికిరానివో మేం చూసి చెప్పాలి. మా వంతుకొచ్చిన వాటిలో తొండియార్‌పేట దాహం మండపం ఒకటి. నాలుగు రాతి స్తంభాలు, పైన కప్పు, లోపల నీళ్ళ కుండలు. ఎప్పుడో ఉత్తరాన్నుంచి వచ్చిన తెలుగు నేతగాళ్ళు దారినపోయేవాళ్ళ కోసం కట్టించారు.

ఆ నేతగాళ్ళు మావాళ్ళే. మండపానికి కావలి మా మేనత్త చెంగమ్మ. ఊడ్చి, కుండలు నింపి, వచ్చినవాళ్ళకు దోసిట్లో నీళ్ళు పోసేది. నాకు మాత్రం తన ఇత్తడి చెంబు చేతికిచ్చేది. నాన్న పోయాక ఆ కావలి జీతంతోనే నన్ను చదివించింది. ఇవేవీ ఆఫీసులో ఎవరికీ తెలియవు. తిరువల్లిక్కేణిలో కాపురం పెట్టాక నేను తొండియార్‌పేటవాణ్ణని చెప్పుకోవడమే మానేశాను. పెద్దమనిషినైపోయాను మరి.

మా పై అధికారి బాలసుందరంతో కలిసి మండపం చూడడానికి వెళ్ళాను. నన్ను ఎరగనట్టు ఉండమని అత్తకు ముందురోజే కబురు పంపాను. అది ఆడినెల శుక్రవారం, తమిళనాట అమ్మవారి పండగరోజు. వీధి ఆడవాళ్ళంతా చేరి స్తంభాలకు సున్నం పూస్తున్నారు. ఏటా ఇదే వరస. సున్నం కొట్టి, మీద పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి మండపాన్ని పెళ్ళికూతుర్ని చేస్తారు. రాతికి ఏది పూసినా నేరమని పక్కనే సర్కారు బోర్డుంది, ఇంగ్లీషులో ఒకసారి, తమిళంలో ఒకసారి. మా ఆడవాళ్ళకు ఏ చదువూ రాదు. అందరికంటే ముందు కొంగు బిగించి సున్నం కొడుతున్నది సాక్షాత్తూ కావలిమనిషే.

"ఎవరయ్యా ఈ మోటు జనం?" అన్నాడు బాలసుందరం తమిళంలో.

"తెలియదు సార్" అన్నాను.

అత్తకు తమిళం బాగా వచ్చు. కుంచె కింద పెట్టి పక్కకు జరిగింది.

"రాతి మీద రాతలేమైనా ఉంటే దీన్ని జాబితాలో నిలబెట్టొచ్చు" అంటూ ఆయన స్తంభాల చుట్టూ తిరిగాడు. తూర్పు స్తంభం మీద, వేలి మందం సున్నం కింద, పదకొండు వరుసల తెలుగు ఉంది. నా చిన్నప్పుడు ఆ అక్షరాల గుంటలు ఇంకా చేతికి తగిలేవి. అత్త నా వేలు పట్టుకుని వాటి మీద తిప్పేది. ఇప్పుడు ఆమె నా వంకే చూస్తోంది, నేను చెబుతానని. చెబితే, రాతల మీద సున్నం కొట్టినందుకు ఆమె ఉద్యోగం పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. సున్నం కింద ఏముందో నీకెలా తెలుసని ఆయన అడుగుతాడు. నా భయం అదీ.

రాతలేవీ లేవని రాశాను. అదే నాలుగో వాక్యం.

బిల్లు చట్టమైంది. బోర్డు పీకేశారు. అత్త ఉద్యోగమూ పోయింది. నేను కాపాడింది ఏమిటో మరి.

రెండు నెలల తర్వాత అత్త మా ఆఫీసు గేటు బయట నిలబడి కనిపించింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుని దగ్గరికి వెళ్ళాను.

"సున్నం పూసినామని గవర్మెంటోళ్ళకి కోపమొచ్చుండాది యతిరాజులూ. మాదే తప్పు. ఆడోళ్ళమంతా చేరి నాలుగు దినాలు చింతపండు నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో రుద్దినాము. అక్షరాలు బయటపడినాయి. నువ్వొచ్చి చదివి, మీ దొరకి చెప్పు నాయినా."

తప్పు వాళ్ళదట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చట్టమైపోయాక ఇక రాతలు దొరికినా లాభం లేదని చెప్పే ధైర్యం లేక ఆదివారం వెళ్ళాను.

ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. రుద్ది రుద్ది వాళ్ళ వేళ్ళు పొక్కిపోయి ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని పైకి చదివాను. నేతవీధి వాళ్ళంతా కూడి, దప్పికతో వచ్చినవాళ్ళకు నీళ్ళు పోయడానికి ఈ మండపం కట్టించారని ఉంది. తొమ్మిది వరుసలయ్యాక ఆపేశాను.

"కడపటి రెండూ అరిగిపోయాయత్తా" అన్నాను.

"అరిగిపోతే ఏమిలే. మా నాయన నేర్పించినాడు, నాకు నోటికొచ్చు." ఆమె స్తంభం దగ్గరికి వచ్చి రాతి మీద వేలు పెట్టింది. "ఈ ధర్మాన్ని ఎవురు చెరిపినా, గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతారు."

చెబుతూ చెబుతూ ఒక్కో గుంట మీదుగా వేలు నడిపింది. చివరిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ మొదటికొచ్చి, ఇంకోసారి తడిమి చూసింది. ఆ అక్షరాలు మిగతావాటిలాగే లోతుగా ఉన్నాయి.

ఆమె కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు ముంచుకొచ్చింది. ఎండలో వచ్చిన నేను అలవాటుగా చెంబు కోసం చెయ్యి చాపాను.

చెంబు ఇవ్వలేదు.

"దోసిలి పట్టండయ్యా" అంది.