కుర్చీ తగాదా, ఇంగ్లీషులో

కుట్టుమిషను ముందు అమ్మమ్మ వేసుకునే కుర్చీ కుంటుతోందని తాతయ్య దాని కాలొకటి కాస్త కోశాడు. అప్పుడది ఇంకో వైపు కుంటింది. అదీ కోశాడు. పేరుమోసిన వడ్రంగి, మధ్యలో వదిలేస్తే పరువేం కాను? కోయగా కోయగా కుంటడం మానింది గానీ, కుర్చీ కాస్తా పీట అయి కూర్చుంది. దాని మీద కూర్చుంటే అమ్మమ్మ గడ్డం మిషను బల్లకు ఆనింది.

ఆ పూట నుంచి ఆవిడ మొగుడితో మాట మానేసింది. ఏదైనా చెప్పాలంటే మనవరాలే దిక్కు. "మీ తాతను టీ తాగి తగలడమను" అనేది, ఆయన ఎదురుగా ఉండగానే.

తాతయ్యకు మొదటి నుంచీ మాటలు తక్కువ. ఇంట్లో ఆ లోటంతా ఆవిడే తీర్చేది. ఇప్పుడు ఇల్లు బావురుమంటోంది. ఎలాగైనా ఆవిడ చేత పలికించుకోవాలి. తనే ముందు పలికితే మాత్రం తప్పు ఒప్పుకున్నట్టే. అక్కడే వచ్చింది చిక్కు.

ఓ సాయంత్రం మనవరాలు నోటుబుక్కు ముందేసుకుని గోళ్లు కొరుకుతోంది.

"ఏమైందే?"

"ఇద్దరు పోట్లాడుకుంటున్నట్టు ఇంగ్లీషులో సంభాషణ రాయాలి తాతయ్యా. గ్రామరు నేను చూసుకుంటా. ఏమని తిట్టుకోవాలో తోచి చావట్లేదు."

తాతయ్య ఉలి పక్కన పెట్టి గొంతు పెంచాడు. "దానికేం భాగ్యం, రాసుకో. ఒక వడ్రంగి, వాడి పెళ్లాం. కుర్చీ బాగుచెయ్యమని ఆవిడ వాడి ప్రాణం తీసింది."

లోపలి గదిలో మిషను టక్కున ఆగింది. అమ్మమ్మ గుమ్మంలోకొచ్చింది.

"నేనడగలేదని రాయవే! ఆయనే పనీపాటా లేక రంపం పట్టుకొచ్చాడని రాయి."

"ఇప్పుడది కుంటట్లేదని కూడా రాయి."

"కాళ్లుంటే కదా కుంటడానికి! రాయి, రాయి."

"ఉండండి! రంపానికి ఇంగ్లీషు మాట వెతుక్కోనీయండి."

ఇద్దరూ బుద్ధిగా ఆగారు. పిల్ల తలూపగానే మళ్లీ మొదలెట్టారు. పేజీ నిండింది. అమ్మమ్మ పైట దులుపుకుని లోపలికెళ్లిపోయింది. అంత గొడవలోనూ ఆయన మొహం చూసి ఒక్క ముక్క అనలేదు, అన్నీ పిల్లకే చెప్పింది. తాతయ్య ఉసూరుమన్నాడు.

ఆ వారంలోనే నోటుబుక్కు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. టీచరు రాసింది పిల్ల ఏడుపు గొంతుతో తెలుగు చేసి చెప్పింది. "సంభాషణ సహజంగా లేదు. ఏ మొగుడూ పెళ్లాలూ ఇలా మాట్లాడుకోరు. మళ్లీ రాసుకురా."

అమ్మమ్మ కత్తెర దింపింది.

"ఏమండీ! విన్నారా?"

తాతయ్య గుండె గంతేసింది. పైకి మాత్రం "ఊ" అన్నాడు.

"ఊ ఏంటి ఊ! మన పోట్లాట సహజంగా లేదట! ఇన్నేళ్లూ మనం చేసిందేంటి మరి, నాటకమా? చొక్కా వేసుకోండి. ఆ టీచరమ్మ ఎదటే పోట్లాడి చూపిద్దాం."

వీధిలో అమ్మమ్మ ముందు నడుస్తూ ఆయన నడకనీ, చొక్కానీ, ఆయన వైపు చుట్టాలనీ వరసపెట్టి ఉతుకుతోంది. తాతయ్య ఒక్క మాట కూడా జారిపోకుండా వింటూ వెనకాల నడుస్తున్నాడు. మనవరాలు ఆయన చెయ్యి గిల్లింది.

"తాతయ్యా, ముందు మాట్లాడింది అమ్మమ్మే కదూ?"

"నోర్ముయ్యవే. తెలిసిందంటే ఇటునుంచిటే ఇంటికి పోతుంది."

అమ్మమ్మ గిరుక్కున తిరిగింది. "ఏంటా గుసగుసలు?"

"ఏం లేదు. అక్కడ ముందు ఎవరు మాట్లాడాలా అని."

"నేనే మాట్లాడతా. మీ వల్ల ఏమవుతుంది?"

"సరే, నీ ఇష్టం" అన్నాడు తాతయ్య, మీసం చాటున నవ్వు నొక్కిపెట్టి.